బీపీ అదుపులో ఉన్నవాళ్లెందరో లెక్క తీయండి: శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల ఆరోగ్య అధికారులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల కలెక్టర్లకు, జిల్లా వైద్య ఆరోగ్య శాఖ అధికారులకు,

నమస్కారం.

నేను ఏఎన్‌ఎంగా ఉద్యోగంలో చేరి, హెల్త్ సూపర్‌వైజర్‌గా రిటైరైనదాన్ని. ఉద్యోగమంతా ఈ రెండు జిల్లాల పల్లెల్లోనే గడిచింది. బీపీ మిషను సంచిలో పెట్టుకుని తిరగని వీధి లేదు. ఇప్పుడు నా కింద సిబ్బంది లేరు, రాయాల్సిన రిపోర్టులూ లేవు. అయినా ఒక విషయం మీ చెవిన వేయకుండా ఊరుకోలేకపోతున్నాను.

మన ఊళ్లలో బీపీ పరీక్షలు జరుగుతున్నాయి. మాత్రలూ ఇస్తున్నారు. అయితే మాత్రలు తీసుకుంటున్నవాళ్లలో ఎందరికి బీపీ నిజంగా దిగిందో అడిగితే, ఊరి స్థాయిలో ఠక్కున చెప్పగలిగేవాళ్లు తక్కువ. నేను పనిచేసినన్నాళ్లూ పైనుంచి అడిగిన ప్రశ్నలు రెండే: ఎందరికి చూశారు, ఎందరికి ఇచ్చారు. మూడో ప్రశ్న ఎవరూ అడగలేదు. ఆ ప్రశ్న అడగకపోవడం వల్ల గుండెపోట్లు, పక్షవాతాలు వస్తాయని మనందరికీ తెలుసు. మెదడు మెల్లగా క్షీణించిపోయే మతిమరుపు జబ్బుకూ, అంటే డిమెన్షియాకూ, అదే దారి వేస్తోందని ఇప్పుడు గట్టి ఆధారాలు వచ్చాయి. ఆ ఆధారాల్లో అన్నిటికంటే పెద్దది పల్లెటూళ్ల నుంచే వచ్చింది. అది సాధించినవాళ్లు కూడా మనలాంటి గ్రామ ఆరోగ్య సిబ్బందే.

ఆ పరిశోధన చైనాలో జరిగింది. మూడు రాష్ట్రాల్లో 326 పల్లెలు తీసుకున్నారు. లాటరీ వేసినట్టు విడదీసి 163 ఊళ్లలో కొత్త పద్ధతి పెట్టారు, మిగతా 163 ఊళ్లలో మామూలుగా జరిగే వైద్యాన్నే కొనసాగించారు. నలభై ఏళ్లు దాటి, బీపీ ఉన్నవాళ్లు దాదాపు 34,000 మంది ఇందులో చేరారు. కొత్త పద్ధతి ఊళ్లలో బీపీని 130/80 కంటే కిందికి దించాలని లక్ష్యం పెట్టుకున్నారు. ఆ బాధ్యత పెద్దాసుపత్రి డాక్టరుకు కాదు, ఊళ్లోనే ఉండే గ్రామ వైద్యుడికి ఇచ్చారు. ఈయన మన ఎంబీబీఎస్ డాక్టరు లాంటివాడు కాడు. కొంత శిక్షణతో పల్లెలో ప్రాథమిక వైద్యం చేసే మనిషి. ఏ మాత్రతో మొదలుపెట్టాలి, తగ్గకపోతే మోతాదు ఎంత పెంచాలి, ఎప్పుడు రెండో మాత్ర కలపాలి అన్నది మెట్లు మెట్లుగా రాసి ఆయన చేతికిచ్చారు. పైన ఒక డాక్టరు పర్యవేక్షణ ఉండేది. మందులు ఉచితంగానో తక్కువ ధరకో అందాయి. ఇంట్లో చూసుకోవడానికి బీపీ మిషన్లూ ఇచ్చారు.

నాలుగేళ్లు గడిచాక చూస్తే, మామూలు వైద్యం ఊళ్లకంటే ఈ ఊళ్లలో బీపీ పై అంకె సగటున 22 పాయింట్లు ఎక్కువ దిగింది. కొత్తగా డిమెన్షియా వచ్చినవాళ్లు 15 శాతం తక్కువ. డిమెన్షియా దాకా వెళ్లకపోయినా జ్ఞాపకం, ఆలోచన మందగించినవాళ్లు 16 శాతం తక్కువ. ఈ ఫలితాలు 2025 ఏప్రిల్‌లో నేచర్ మెడిసిన్ పత్రికలో వచ్చాయి. అది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అక్కడివాళ్లు చేసిన పనిలో మన ఆశా, ఏఎన్‌ఎం, గ్రామ హెల్త్ క్లినిక్ చూసుకునే సీహెచ్‌ఓ చేయలేనిది ఒక్కటి కూడా కనిపించలేదు.

ఇదొక్కటే అయితే నేను ఇంత ధైర్యంగా రాసేదాన్ని కాదు. 1998లోనే యూరప్‌లో సిస్ట్-యూర్ అనే ప్రయోగంలో, పై అంకె మాత్రమే ఎక్కువగా ఉన్న ముసలివాళ్లకు మందిస్తే డిమెన్షియా కేసులు సుమారు సగానికి తగ్గాయి. కాకపోతే కేసుల సంఖ్యే చాలా తక్కువ. తర్వాత అమెరికాలో స్ప్రింట్ ప్రయోగం. యాభై దాటిన 9,361 మందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు 120 లోపు, ఇంకో గుంపుకు 140 లోపు లక్ష్యం పెట్టారు. గుండెకు మేలు స్పష్టంగా కనిపించడంతో 2015లో ముందుగానే ఆపేశారు. మెదడు ఫలితాలు 2019లో వచ్చాయి. 120 లోపు ఉంచిన గుంపులో స్వల్పంగా మతి మందగించడం 19 శాతం తగ్గింది. డిమెన్షియా కూడా తగ్గినట్టే కనిపించింది గానీ, కాలం చాలకపోవడంతో ఆ తేడా ఖాయమని చెప్పేంత బలం రాలేదు. ఆ బలం చైనా పల్లెలు ఇచ్చాయి. ఇంగ్లండ్‌లో ప్రభుత్వోద్యోగులను ఏళ్ల తరబడి గమనించిన వైట్‌హాల్ పరిశోధనలోనూ, యాభై ఏళ్ల వయసులో పై అంకె 130 దాటి ఉన్నవాళ్లకు ఆ తర్వాత డిమెన్షియా ముప్పు ఎక్కువని తేలింది. లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన నిపుణుల కమిషన్ 2024లో చెప్పిన ప్రకారం, డిమెన్షియాకు దారితీసే కారణాల్లో మనం మార్చుకోగలిగినవి 14 ఉన్నాయి. వాటన్నిటినీ సరిచేసుకోగలిగితే దాదాపు 45 శాతం కేసులను ఆపవచ్చు, లేదా వెనక్కి నెట్టవచ్చు. నడివయసు బీపీ ఆ పద్నాలుగింటిలో ఒకటి. మన పీహెచ్‌సీలో ఇప్పటికే మందు ఉన్న కారణం అది.

బీపీకి, మతిమరుపుకు సంబంధమేమిటని మన సిబ్బందిలోనే చాలామంది అడుగుతారు. మెదడు ఒంటి బరువులో నూటికి రెండు వంతులే, కానీ గుండె పంపే రక్తంలో దాదాపు 15 వంతులు దానికే కావాలి. పెద్ద రక్తనాళాలు మెదడు పైపైన పోతాయి. వాటి నుంచి వెంట్రుకల్లాంటి సన్నని నాళాలు లోపలికి దిగుతాయి. లోపలి తెల్లని పదార్థానికి వేరే దారి లేదు, ఆ చివరి నాళాల మీదే అది బతకాలి. వంశధార కాలువ కింద శివారు పొలం ఉన్న రైతుకు ఇది ఒక్క మాటలో అర్థమవుతుంది. కాలువలో ఎక్కడ ఇబ్బంది వచ్చినా ముందు ఎండేది శివారు పొలమే. బీపీ ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే ఆ సన్నని నాళాల గోడలు మందమై, బిగుసుకుపోతాయి. కొన్ని మూసుకుపోతాయి. చెయ్యి పడిపోదు, మూతి వంకర పోదు, అందుకే ఎవరూ ఆసుపత్రికి రారు. లోపల మాత్రం ఆవగింజంత చోట్లు ఒక్కొక్కటే చచ్చిపోతుంటాయి. ఎమ్మారై తీస్తే తెల్లని మచ్చలు కనిపిస్తాయి. స్ప్రింట్‌లో బీపీ బాగా దించినవాళ్లలో ఈ మచ్చలు పెరగడం నెమ్మదించింది. అల్జీమర్స్ ఉన్నవాళ్లలోనూ చాలామందికి ఈ నాళాల దెబ్బ కలిసే ఉంటుంది. రెండూ కలిస్తే మతి ఇంకా తొందరగా పోతుంది.

ఇక మన ఊళ్ల సంగతి.

మన దేశంలో అరవై దాటినవాళ్లలో నూటికి ఏడుగురికి పైగా డిమెన్షియా ఉందనీ, వాళ్లు దాదాపు 88 లక్షల మంది ఉంటారనీ జాతీయ స్థాయి అధ్యయనం ఒకటి అంచనా వేసింది. ఆడవాళ్లలో, పల్లెల్లో ఇంకా ఎక్కువ. మన జిల్లాల పల్లెల్లో ఎవరు మిగిలారో మీకు తెలియంది కాదు. కొడుకులు హైదరాబాదులో, చెన్నైలో కూలి పనులకు, మేస్త్రీ పనులకు పోయారు. తీరం ఊళ్ల మగవాళ్లు గుజరాత్‌లోని వేరావల్ దాకా వేటకు పోతారు. ఇంట్లో ముసలివాళ్లిద్దరే, ఒక్కోసారి ఒక్కరే. మతి తప్పుతోందని పసిగట్టే మనిషి పక్కన లేదు. పండక్కి వచ్చిన కొడుకు ఫోను చూసుకుంటూ "మా అమ్మకి చాదస్తం పెరిగిపోయింది" అంటాడు. ఆమె కొట్టువాడికి ఇచ్చిన డబ్బే మళ్లీ ఇస్తుంటుంది. పొయ్యి మీద గంజి మాడుతుంటే పక్కనే కూర్చుని ఉంటుంది. ఎప్పుడూ నెమ్మదైన మనిషి చిన్నదానికే కేకలు వేస్తుంది. ఇవన్నీ వయసు లక్షణాలని కొట్టిపారేస్తాం. చివరికి ఆ బరువు కోడలి మీదో, చదువు మానేసిన మనవరాలి మీదో పడుతుంది. అలాంటి ఇళ్లు నేను చాలా చూశాను. ఆ పిల్లల ముఖాలు గుర్తొస్తే కడుపు తరుక్కుపోతుంది.

బీపీ మాత్రల దగ్గర జరిగేది కూడా చెప్పాలి. "ఏటమ్మా, ఒంట్లో బాగానే ఉంటే బిళ్లెందుకు?" ఇది నేను ఎక్కువసార్లు విన్న మాట. తల తిరిగిన రోజు ఒకటి వేసుకుంటారు, తగ్గిందనుకుని డబ్బాలో దాచేస్తారు. ఊడ్పుల రోజుల్లో, ఉపాధి పని ఉన్న రోజుల్లో క్లినిక్ టైముకు రావడం కూలి మనిషికి కుదరదు. జీడి ఫ్యాక్టరీకి పోయే ఆడవాళ్లు పొద్దున్నే వెళ్లి చీకటి పడేవేళకు వస్తారు. స్టాకు లేక రెండు వారాలకే మాత్రలిచ్చి పంపితే, మూడో వారం ఖాళీ. అన్నిటికంటే నన్ను బాధపెట్టింది ఇంకోటి. వచ్చే బిళ్ల రంగో సైజో మారితే చాలామంది "ఇది నా మందు కాదు" అని పక్కన పడేస్తారు. కంపెనీ మారింది, మందు అదేనని వాళ్లకు చెప్పే తీరిక మనకు లేదు. మన రిజిస్టరులో మాత్రం 'మాత్రలు ఇవ్వబడినవి' అనే ఉంటుంది.

అందుకే నా మొదటి విన్నపం, అసలు విన్నపం కూడా ఇదే. ప్రతి గ్రామ హెల్త్ క్లినిక్ నెలనెలా ఒక అంకె చెప్పాలి: మన దగ్గర రాయించుకున్న బీపీ మనుషుల్లో ఈ నెల ఎందరికి అదుపులో ఉంది, ఎందరు అసలు రాలేదు. మన జాతీయ కార్యక్రమం 140/90 లోపు ఉంటే అదుపులో ఉన్నట్టు లెక్కిస్తుంది. ముందు అదే పెట్టండి. అది నిలబడ్డాక, తట్టుకోగలిగినవాళ్లకు డాక్టరు సలహాతో 130 వైపు వెళ్లవచ్చు. ఇది కొత్త వింత కాదు. 2017లో మన దేశంలోనే మొదలైన ఇండియా హైపర్‌టెన్షన్ కంట్రోల్ ఇనిషియేటివ్ ఈ పద్ధతి మీదే నడిచింది. ఒక్కొక్క మనిషిని పేరుపేరునా వెంటాడటం, ఎందరికి అదుపులోకి వచ్చిందో చూసుకోవడం, అందరికీ ఒకే సులువైన మందుల వరుస పెట్టడం. దానికి 2022లో ఐక్యరాజ్యసమితి అవార్డు కూడా వచ్చింది. మీ రివ్యూ మీటింగుల్లో ఈ అంకె అడగడం మొదలుపెడితే నెల తిరిగేసరికి కింద పని తీరు మారుతుంది. పైన అడిగేదే కింద జరుగుతుందని ఇన్నేళ్ల ఉద్యోగంలో నేను కళ్లారా చూశాను. అదుపు తక్కువ చూపించిన ఊరి సిబ్బందిని మాత్రం దయచేసి మీటింగులో నిలబెట్టి తిట్టకండి. అలా చేస్తే మరుసటి నెల అన్ని ఊళ్లలోనూ అందరి బీపీ కాగితం మీద 130/80 అయిపోతుంది.

రెండోది, మోతాదు మార్చే దారి. బీపీ 160 ఉన్న మనిషికి అమ్లోడిపిన్ 5 మొదలుపెడతాం. నెల తర్వాత 150 ఉంటుంది. అదే బిళ్ల మళ్లీ ఇచ్చి పంపుతాం. ఏడాది తర్వాతా అదే. డాక్టరు గారు రాస్తేగాని మార్చకూడదు, ఆ మనిషి పీహెచ్‌సీకి పోడు. చైనా ఊళ్లు గెలిచింది సరిగ్గా ఇక్కడే. మెడికల్ ఆఫీసరు సంతకంతో రాతపూర్వకంగా మెట్లవారీ పద్ధతి ఇవ్వండి. తగ్గనివాళ్ల పేర్లు వారం వారం సీహెచ్‌ఓ చదివితే డాక్టరు ఈ-సంజీవనిలో, అంటే వీడియో కాల్‌లో, చూసి మందు మార్చవచ్చు. అమ్లోడిపిన్, టెల్మిసార్టన్, క్లోర్తాలిడోన్ ఖరీదైన మందులేమీ కావు. నిలకడగా ఉన్నవాళ్లకు రెండు నెలల మాత్రలు ఒకేసారి ఇవ్వండి. క్లినిక్ వారానికి ఒకరోజైనా సాయంత్రం తెరవండి. ఒకటో తారీఖున సచివాలయం సిబ్బంది పింఛను పట్టుకుని ఇంటింటికీ వెళ్తున్నారు. ఆరోజు ముసలివాళ్లంతా ఇంటి దగ్గరే ఉంటారు. వాళ్ల వెనకే ఆశా బీపీ మిషనుతో వెళ్తే మనకు దొరకని మనిషి ఉండదు. దానికి ఆశాకు వేరే ఇన్సెంటివ్ ఇవ్వాలి. చైనాలో గ్రామ వైద్యులకు ఇచ్చారు. పని పెంచి పైసా పెంచకపోతే అది పని కాదు, పీడన.

తుపాను మాట కూడా. 2018 అక్టోబరులో తిత్లీ వచ్చి ఉద్దానం కొబ్బరి, జీడి తోటలు కూలిపోయి, రోజుల తరబడి కరెంటు లేనప్పుడు బియ్యం, నీళ్ల గురించే అందరం పరిగెత్తాం. మన తీరానికి తుపాన్లు ఆగవు. సహాయ సామగ్రి జాబితాలో బీపీ, షుగరు మాత్రలు ముందే రాసిపెట్టండి.

ఇక కొలిచే పద్ధతి. నడిచొచ్చిన మనిషిని నిలబెట్టి, చీర చెంగు మీదే పట్టీ చుట్టి, మాట్లాడుతుండగా కొలిస్తే వచ్చే అంకె దేనికీ పనికిరాదు. అయిదు నిమిషాలు కూర్చోనివ్వాలి, వీపు ఆనాలి, చెయ్యి గుండె ఎత్తులో ఉండాలి, కనీసం రెండుసార్లు చూడాలి. చుట్టో బీడీయో తాగితే అరగంట ఆగాలి. తీరం ఊళ్లలో అడ్డపొగ, అంటే చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని, తాగే పెద్దమ్మలను ఈ మాట అడగడం మన సిబ్బంది మర్చిపోతుంటారు. ఆ పొగ అంకెను పెంచడమే కాదు, నాళాలనూ పాడుచేస్తుంది. మిషన్లను ఏడాదికోసారైనా సరిచూడాలి.

ఉద్దానం గురించి ప్రత్యేకంగా రాయాలి. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు వైపు కిడ్నీ జబ్బుకు మూలకారణం ఇప్పటికీ తేలలేదు. అక్కడ బీపీ మాత్రలు మిగతా ఊళ్లలో ఇచ్చినంత తేలిగ్గా ఇవ్వకూడదు. కిడ్నీ దెబ్బతిన్నవాళ్లకు బీపీ అదుపు ఇంకా అవసరం, నిజమే. కానీ ఎండలో చెమటోడ్చి పనిచేసి, నీళ్లు సరిగా తాగని మనిషికి, లేదా వాంతులు విరేచనాలు పట్టుకున్న మనిషికి టెల్మిసార్టన్, నీరు లాగే మాత్రలు కిడ్నీని ఒక్కసారిగా కుంగదీయవచ్చు. అలాంటి రోజుల్లో ఏం చేయాలో డాక్టరు ముందే చెప్పి ఉంచాలి. మందు మొదలుపెట్టే ముందు, తర్వాత రక్తపరీక్షలో క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే అంకె), పొటాషియం చూడాలి. స్ప్రింట్‌లో కూడా బీపీ బాగా దించిన గుంపులో కిడ్నీ ఇబ్బందులు, స్పృహ తప్పడాలు కొంచెం ఎక్కువగానే వచ్చాయి. పలాసలో కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో వచ్చాయి కదా, ఆ డాక్టర్లనే అడిగి ఉద్దానానికి వేరే పద్ధతి రాయించండి. ఒళ్లు నొప్పులకు ఆర్‌ఎంపీ దగ్గర డైక్లోఫెనాక్ బిళ్లలు కొనుక్కుని మింగే అలవాటు ఇటు బీపీని పెంచుతుంది, అటు కిడ్నీని తినేస్తుంది. ఆర్‌ఎంపీలను పిలిచి కూర్చోబెట్టి ఈ సంగతి చెప్పాలి. వాళ్లను దూరం పెడితే ఊరు వినదు.

ఉప్పు దగ్గరా ఇదే జాగ్రత్త. రోజుకు 5 గ్రాముల లోపు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఎండు చేప, ఆవకాయ, ఊరమిరపకాయ, పైన చోడి అంబలిలో వేసుకునే ఉప్పు కలిస్తే మనవాళ్లు ఎంత దాటుతారో చెప్పక్కర్లేదు. చైనాలోనే 600 పల్లెల్లో మామూలు ఉప్పు బదులు పొటాషియం కలిపిన ఉప్పు ఇస్తే పక్షవాతాలు 14 శాతం తగ్గాయని 2021లో తేలింది. మంచిదే. కానీ కిడ్నీ పాడైన మనిషి ఒంట్లో పొటాషియం పేరుకుపోయి గుండె ఆగిపోయే ప్రమాదం ఉంది. ఆ ఉప్పును ఎవరైనా పథకంగా తెస్తే, ఉద్దానంలో పరీక్ష లేకుండా పంచనివ్వకండి.

చివరి విన్నపం మతిమరుపును కనిపెట్టడం గురించి. బీపీ కోసం ఇంటికి వెళ్లిన సిబ్బంది, అరవై దాటిన మనిషి గురించి ఇంట్లోవాళ్లను ఒకటి రెండు మాటలు అడగవచ్చు: డబ్బు లెక్క తప్పుతోందా, తెలిసిన దారి మర్చిపోతోందా. అనుమానం ఉన్నవాళ్లకు పరీక్ష చేయడానికి భారత వైద్య పరిశోధన మండలి తయారుచేయించిన పరీక్షల సంపుటి తెలుగులో కూడా ఉంది. శ్రీకాకుళం, విజయనగరం ప్రభుత్వ మెడికల్ కాలేజీల్లో నెలకు ఒక రోజు మెమరీ క్లినిక్ పెడితే, ఇక్కడి నుంచి విశాఖపట్నం దాకా బస్సెక్కలేని కుటుంబాలకు దారి దొరుకుతుంది. ఇప్పటికే మతి జారిన మనిషికి బీపీ మందు జ్ఞాపకాన్ని తిరిగి తేలేదు. అది కూడా ఇంట్లోవాళ్లకు నిజాయితీగా చెప్పాలి. పైగా బాగా ముసలివాళ్లకు బీపీ మరీ దిగితే లేచి నిలబడగానే పడిపోతారు, తుంటి ఎముక విరుగుతుంది. మనం ముందుగా పట్టుకోవాల్సింది నలభైల్లో, యాభైల్లో ఉన్న కూలి మనిషిని, ఆటో డ్రైవరును, జీడి ఫ్యాక్టరీ అమ్మను. వాళ్లకు ఇప్పుడు ఏ బాధా లేదు, అందుకే మన దగ్గరకు రారు. మనమే వెళ్లాలి.

ఒకేసారి రెండు జిల్లాల్లో మొదలుపెట్టడం కష్టమైతే, శ్రీకాకుళంలో తీరం వైపు ఒక పీహెచ్‌సీ, విజయనగరంలో మెట్ట వైపు ఒక పీహెచ్‌సీ తీసుకుని ఆరు నెలలు ఈ అంకె రాయించి చూడండి. ప్రతి నెలా ఆ అంకెను పీహెచ్‌సీ గోడ మీద జనానికి కనిపించేలా పెట్టించండి. బీపీ సరిగా కొలవడం కొత్త సిబ్బందికి నేర్పడానికి నేనూ, నాతోపాటు రిటైరైన ఏఎన్‌ఎంలూ సిద్ధంగా ఉన్నాం. జీతం అడగం. ఏ పీహెచ్‌సీకి ఎప్పుడు రావాలో చెప్పండి, వస్తాం.

ఇట్లు,
ఒక విశ్రాంత హెల్త్ సూపర్‌వైజర్,
టెక్కలి ప్రాంతం, శ్రీకాకుళం జిల్లా